తీసేసిన డాక్యుమెంట్లు తిరిగొస్తే

"నిన్న సాయంత్రం దాకా లేవండీ. పొద్దున చూస్తే అన్నీ ఉన్నాయి."

డామినో అంటే నోట్స్ అనే ఆఫీసు మెయిల్, డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు సర్వర్ వైపు భాగం. ఆ సర్వర్లు చూసేవాళ్లకు ఇలాంటి ఫోను ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నాకు ఈమధ్య వచ్చింది ఒక సంస్థ కాంట్రాక్టుల డేటాబేస్ గురించి. గడువు తీరిన ఒప్పందాలన్నిటినీ ఆర్నెల్ల కిందట ఓపిగ్గా ఏరి తీసేశారు. ఇప్పుడు అవే ఒప్పందాలు, అవే తేదీలతో, అవే సంతకాల స్కాన్లతో వ్యూలో (డాక్యుమెంట్ల జాబితాలో) బారులు తీరి ఉన్నాయి. వైరస్ అని ఒకరు, ఎవరో కావాలని చేశారని ఇంకొకరు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పాత ఫైలు తెచ్చి పెట్టేసిందని మరొకరు. అవతలాయన ఇవన్నీ చెప్పేదాకా ఆగి, నేను ఒకటే అడిగాను: "చాన్నాళ్లుగా మూసి ఉన్న లాప్‌టాప్ ఏదైనా ఈ వారం తెరిచారా?"

తెరిచారు. దీర్ఘ సెలవు మీద వెళ్లిన మేనేజర్ ఒకావిడ ముందురోజే పనిలో చేరారు. ఆవిడ లాప్‌టాప్‌లో ఆ డేటాబేస్ లోకల్ రెప్లికా, అంటే సర్వర్‌తో సరిచూసుకునే సొంత ప్రతి ఉంది. కొత్త డాక్యుమెంట్లు సరిగ్గా రావట్లేదని ఆవిడ హెల్ప్‌డెస్క్‌కు చెప్పారు. హెల్ప్‌డెస్క్ అబ్బాయి అందరూ చేసే పనే చేశాడు: రెప్లికేషన్ హిస్టరీని, అంటే ప్రతులు ఎప్పుడెప్పుడు సరిచూసుకున్నాయో చెప్పే చిట్టాను, క్లియర్ చేసి మళ్లీ నడిపాడు. కొత్తవి లాప్‌టాప్‌లోకి వచ్చాయి. పాతవి సర్వర్‌లోకి వెళ్లాయి.

ఇందులో బగ్ లేదు, దొంగ లేడు. ఎవరి పని వాళ్లు చేశారు, సాఫ్ట్‌వేర్ కూడా తన పని తను చేసింది. కానీ ఆ పని ఎలా జరుగుతుందో తెలిసిన అడ్మిన్లు నాకు చాలా తక్కువమంది కనిపిస్తున్నారు. అందుకే కాస్త వివరంగా రాద్దామనిపించింది.

డామినోలో ఒకే డేటాబేస్ నాలుగు సర్వర్లలో, నలభై లాప్‌టాప్‌లలో ఉండొచ్చు. అవన్నీ ఒకే కుదురువని చెప్పేది రెప్లికా ఐడీ, 16 హెక్సాడెసిమల్ అంకెలు. లోపల ప్రతి డాక్యుమెంటుకూ 32 అంకెల యూనివర్సల్ ఐడీ. దాని పక్కనే ఆ డాక్యుమెంటు ఎన్నిసార్లు సేవ్ అయిందో చెప్పే సీక్వెన్స్ నంబరు, చివరి సేవ్ ఎప్పుడు జరిగిందో చెప్పే సమయం. రెండు రెప్లికాలు ఎదురుపడినప్పుడు మాట్లాడుకునేది వీటి గురించే. నా దగ్గరున్నది నీ దగ్గర లేదా, ఇదిగో తీసుకో. నీది నాకన్నా కొత్తదా, ఇటివ్వు.

చిక్కంతా ఆ "లేదు" దగ్గరే ఉంది. ఇంతవరకూ అసలు రాలేదు కాబట్టి లేదా? వచ్చింది, తర్వాత తీసేశారు కాబట్టి లేదా? మొదటిదైతే పంపాలి, రెండోదైతే పంపకూడదు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే నోట్స్‌లో డాక్యుమెంటును డిలీట్ చేసినప్పుడు అది పూర్తిగా పోదు. ఒళ్లంతా పోయి, ఐడీ, సీక్వెన్స్ నంబరు, తీసేసిన సమయం మిగులుతాయి. దీన్నే డిలీషన్ స్టబ్ అంటారు. హాజరుపట్టీలో పేరు మీద గీత కొట్టడం వేరు, ఆ పేజీ చింపేయడం వేరు. గీత ఉన్నంతకాలం "ఈయన వెళ్లిపోయాడు" అని ఎవరు చూసినా తెలుస్తుంది. పేజీ చిరిగిపోయాక అదే మనిషి గుమ్మంలో నిలబడితే, కొత్తగా చేరడానికి వచ్చాడనుకుని పేరు రాసుకుంటారు.

స్టబ్‌లను శాశ్వతంగా ఉంచుకుంటే ఈ గొడవే ఉండదు కదా అనొచ్చు. ఒక్కొక్కటీ చిన్నదే. కానీ రోజూ వేల డాక్యుమెంట్లు వచ్చిపోయే డేటాబేస్‌లో, ముఖ్యంగా మెయిల్ ఫైళ్లలో, బతికున్నవాటి కంటే పోయినవే ఎక్కువవుతాయి. రెప్లికేషన్ నడిచిన ప్రతిసారీ ఆ బరువంతా మోయాలి. కాబట్టి స్టబ్‌లకూ ఓ గడువు పెట్టారు. ఆ గడువు అంకె ఎక్కడుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది.

డేటాబేస్ ప్రాపర్టీస్‌లో రెప్లికేషన్ సెట్టింగ్స్ తెరవండి. స్పేస్ సేవర్స్ అనే భాగంలో, ఇన్ని రోజులుగా మార్పు లేని డాక్యుమెంట్లను తీసేయమని చెప్పే చెక్‌బాక్స్ ఒకటి ఉంటుంది, పక్కనే ఒక అంకె. మామూలుగా 90. చూసినవాళ్లెవరైనా ఏమనుకుంటారు? చెక్‌బాక్స్‌లో టిక్కు లేదు కాబట్టి ఆ అంకెతో పని లేదనుకుంటారు. పని ఉంది. టిక్కు ఉన్నా లేకున్నా స్టబ్‌ల ఆయుష్షు ఆ అంకే. ఒకే గడిలో రెండు వేర్వేరు పనులు పెట్టి, అందులో ఒకదాని పేరే రాసిన ఆ డిజైన్‌ను ఇన్నేళ్ల తర్వాత కూడా నేను క్షమించలేకపోతున్నాను.

టిక్కు పెడితే ఇంకో కథ మొదలవుతుంది. ఆ గడువుకు మించి మార్పు లేని డాక్యుమెంట్లు ఆ రెప్లికాలోంచి పోతాయి, అదీ స్టబ్ లేకుండా. స్టబ్ ఉండదు కాబట్టి మిగతా రెప్లికాల్లో అవి క్షేమంగానే ఉంటాయి. లాప్‌టాప్‌లో చోటు మిగుల్చుకోవడానికి పెట్టిన సౌకర్యం ఇది, అక్కడికి బాగానే పనిచేస్తుంది. సర్వర్ మీద ఉన్న అసలు డేటాబేస్‌లో ఎవరైనా ఆ టిక్కు పెట్టారంటే అసలుకే ఎసరు. సర్వర్ రెప్లికాల్లో ఈ గడి ఖాళీగా ఉందో లేదో ఓసారి చూసుకోండి. ఈ పోస్టు మొత్తంలో ఒక్క పని మాత్రమే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

గడువు తీరిన స్టబ్‌లను ఊడ్చేది ఎక్కువగా అప్‌డాల్ అనే టాస్క్. డామినోను ఇన్‌స్టాల్ చేసి ఏమీ మార్చకుండా వదిలేస్తే అది రోజూ రాత్రి 2 గంటలకు నడుస్తుంది. వ్యూ ఇండెక్సులను సరిచేయడం దాని ప్రధాన వృత్తి, 45 రోజులుగా ఎవరూ తెరవని వ్యూల ఇండెక్సులను పారేయడం కూడా దాని పనే. స్టబ్‌ల ఊడ్పు ఆ పనుల మధ్యే చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. లాగ్‌లో వెతికినా "ఇదిగో ఈ పేజీ చింపాను" అని పెద్దగా చాటింపేమీ కనిపించదు.

ఇప్పుడు ఆ ఆఫీసులో జరిగినదాన్ని మళ్లీ చూడండి. ఒప్పందాలు తీసేసి ఆర్నెల్లయింది. 90 రోజులకు స్టబ్‌లు పోయాయి. ఆవిడ లాప్‌టాప్‌కు ఈ సంగతే తెలియదు, అందులో ఒప్పందాలన్నీ భద్రంగా ఉన్నాయి. మామూలుగా అయితే రెప్లికేషన్ హిస్టరీ కాస్త అడ్డం పడేది. పోయినసారి మనం కలిసింది ఫలానా రోజు కాబట్టి, ఆ తర్వాత మారినవి మాత్రమే చూసుకుందాం అని రెండు వైపులా అనుకునేవి. హిస్టరీ చెరిపేయడంతో మొదటినుంచీ సరిచూసుకున్నాయి. లాప్‌టాప్‌లో ఉన్నాయి, సర్వర్‌లో లేవు, తీసేసినట్టు ఆధారమూ లేదు. అంటే కొత్తవి. రండి, కూర్చోండి.

రెప్లికేషన్ సరిగా నడవట్లేదనగానే హిస్టరీ క్లియర్ చేయడం మన వృత్తిలో ఒక అలవాటుగా మారిపోయింది. చాలాసార్లు దాంతో సమస్య తీరినట్టే కనిపిస్తుంది, అదే ప్రమాదం. అసలు కారణం ఇంకోటి అయి ఉంటుంది. డాక్యుమెంటును ఎవరు చదవొచ్చో రాసి ఉండే రీడర్స్ ఫీల్డులో సర్వర్ పేరు లేకపోతే ఆ డాక్యుమెంటు సర్వర్‌కే కనబడదు, కనబడనిదాన్ని అది ఎక్కడికీ పంపలేదు. ఏసీఎల్‌లో (ఎవరికి ఏ అనుమతి ఉందో రాసే జాబితాలో) అవతలి సర్వర్‌కు ఎడిటర్ స్థాయి ఇచ్చి, డాక్యుమెంట్లు తీసేసే అనుమతి ఇవ్వకపోతే మార్పులు వెళతాయి గానీ డిలీషన్లు వెళ్లవు. ఇలాంటి చోట రెండు సర్వర్లలో రెండు రకాల లెక్కలు నెలల తరబడి ఎవరికీ కనబడకుండా సాగుతాయి. స్టబ్ గడువు దాటాక ఎవరో హిస్టరీ క్లియర్ చేస్తారు. అప్పుడు లాప్‌టాపేదీ లేకుండానే పాతవన్నీ వచ్చి పడతాయి. సర్వర్ గడియారం తప్పుగా ఉండటం ఇంకో కారణం. ఏ మదర్‌బోర్డు మార్చిన రోజునో తేదీ భవిష్యత్తులోకి దూకితే, ఆ తేదీలు హిస్టరీలోనూ డాక్యుమెంట్లలోనూ పడిపోయి అసలు తేదీ అక్కడికి చేరేదాకా వేధిస్తాయి. గడియారం తప్పి హిస్టరీ చెడిపోతే మాత్రం దాన్ని క్లియర్ చేయక తప్పదు. మిగతా అన్ని సందర్భాల్లో ముందు ఏసీఎల్ చూడండి, రీడర్స్ చూడండి, ఆ రెప్లికా ఎన్నాళ్లు దూరంగా ఉందో చూడండి. హిస్టరీ మీద చేయి వేయడం అన్నిటికన్నా చివర.

ఇంకో చిన్న సంగతి, చాలామంది నమ్మరు. ఒకచోట డాక్యుమెంటును తీసేశారు, అదే సమయంలో ఇంకోచోట ఎవరో దాన్ని ఎడిట్ చేశారు. రెండూ కలిసినప్పుడు ఏది నెగ్గుతుంది? సాధారణంగా డిలీషనే నెగ్గుతుంది. కానీ అవతలి మనిషి ఒకటికి మించి సార్లు సేవ్ చేసి ఉంటే, లేదా తీసేసిన తర్వాతి సమయంలో ఎడిట్ చేసి ఉంటే డాక్యుమెంటు బతుకుతుంది. సీక్వెన్స్ నంబర్ల లెక్క అది. "నేను తీసేశాక వాడెలా ఉంచాడు" అని ఇద్దరు సహోద్యోగులు మాటామాటా అనుకున్న గొడవ ఒకటి ఈ నియమం చెప్పగానే చల్లారడం నేను చూశాను. ఇద్దరూ ఎడిట్ చేసినప్పుడు వచ్చే రెప్లికేషన్ కాన్‌ఫ్లిక్ట్ గురించి ఇక్కడ రాయను. ఫారం ప్రాపర్టీస్‌లో మెర్జ్ పెట్టుకోండి, సగం కాన్‌ఫ్లిక్టులు పుట్టవు.

సరే, తిరిగొచ్చినవాటిని ఏం చేయాలి?

అన్నిటికన్నా ముందు, కంగారులో బ్యాకప్ నుంచి నిన్నటి ఫైలు తెచ్చి పెట్టకండి. అలా చేస్తే ఈరోజు అందరూ చేసిన పని పోతుంది. అంతకన్నా ముఖ్యం, లాప్‌టాప్ ఇంకా అలాగే ఉంది కాబట్టి రేపు మళ్లీ ఇదే జరుగుతుంది. ముందు ఆ లాప్‌టాప్‌లో రెప్లికేషన్ ఆపించండి. తర్వాత సర్వర్‌లో ఆ డేటాబేస్‌కు రెప్లికేషన్ సెట్టింగ్స్‌లో తాత్కాలికంగా రెప్లికేషన్ ఆపే గడిలో టిక్కు పెట్టండి. క్లస్టర్ (జతగా నడిచే సర్వర్లు) ఉంటే వచ్చిన డాక్యుమెంట్లు పక్క సర్వర్‌కు ఈపాటికే చేరి ఉంటాయి, అక్కడా ఆపండి.

తర్వాత ఏరడం. ప్రతి డాక్యుమెంటుకూ సృష్టించిన తేదీ, మార్చిన తేదీ అందరికీ తెలిసినవే. వాటితోపాటు ఆ డాక్యుమెంటు ఈ ఫైలులోకి ఎప్పుడు చేరింది అన్న తేదీ కూడా ఉంటుంది. డాక్యుమెంట్ ప్రాపర్టీస్ బాక్సులో కనిపిస్తుంది, ఫార్ములాలో దాని పేరు యాడెడ్ టు దిస్ ఫైల్. తిరిగొచ్చినవాటిని పట్టించేది ఇదే. మార్చిన తేదీ ఏడాది కిందటిది, ఈ ఫైలులోకి చేరిన తేదీ మాత్రం నిన్నటిది. ఈ రెండు షరతులతో ఒక ఏజెంట్ (చిన్న ప్రోగ్రాం) రాసి, సరిపడే డాక్యుమెంట్లన్నిటినీ ఒక కొత్త ఫోల్డర్‌లో పెట్టండి. ఫోల్డర్‌లో పెడితే డాక్యుమెంటులో మార్పేమీ జరగదు కాబట్టి తేదీలు చెదరవు. డిలీట్ చేసే ఏజెంట్‌ను నేరుగా నడపకండి, దయచేసి. ఫోల్డర్ చూపించి, ఆ డేటా ఎవరిదో వాళ్లతో సరే అనిపించుకున్నాకే తీయండి.

ఎందుకంటే ఆ గుంపులో అసలైన కొత్త డాక్యుమెంట్లూ ఉండొచ్చు. సెలవుకు వెళ్లేముందు ఆవిడ లాప్‌టాప్‌లో రాసుకుని, సర్వర్‌కు ఎప్పుడూ పంపనివి. తేదీల లెక్కలో అవీ పాతవాటిలాగే కనిపిస్తాయి. ఆ ఆఫీసులో నిజంగానే అలాంటివి దొరికాయి, ఒక సప్లయర్‌తో జరిగిన చర్చల నోట్సు. తీసేసి ఉంటే ఎవరికీ తెలిసేదే కాదు. ఏరడం అయ్యాక మళ్లీ డిలీట్ చేస్తే కొత్త తేదీతో కొత్త స్టబ్‌లు పుడతాయి. అప్పుడు రెప్లికేషన్ తెరవండి. ఇక ఆ లాప్‌టాప్‌లోని రెప్లికాను నమ్మకండి, పారేసి సర్వర్ నుంచి కొత్తది చేసుకోమనండి.

మళ్లీ జరగకుండా ఉండటానికి 8.5.3 వెర్షన్ నుంచి ఒక మంచి ఏర్పాటుంది, పర్జ్ ఇంటర్వల్ రెప్లికేషన్ కంట్రోల్, పొట్టిగా పీఐఆర్‌సీ. డేటాబేస్ వారీగా పెట్టుకోవాలి. పెడితే, స్టబ్ గడువు కన్నా ముందే చివరి మార్పు జరిగిన డాక్యుమెంటు బయటినుంచి వచ్చినా సర్వర్ తీసుకోదు. ఇన్నేళ్లుగా ఉన్నా ఇది వాడేవాళ్లు తక్కువ. ఎందుకో నాకు అర్థం కాదు. ఒక్క జాగ్రత్త: పైన చెప్పిన సప్లయర్ నోట్సు లాంటివి కూడా ఇది గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. లాప్‌టాప్‌ల మీదే బతికే బృందానికి పెట్టేముందు వాళ్లతో మాట్లాడండి. లేదంటే 90ని 180 చేయండి. స్టబ్‌లు కాస్త పెరుగుతాయి, నేటి డిస్కులకు అదొక బరువు కాదు. మీ సంస్థలో మనుషులు ఎంతకాలం సెలవులో ఉంటారో, విడి లాప్‌టాప్‌లు బీరువాలో ఎంతకాలం పడి ఉంటాయో చూసుకుని ఆ అంకె పెట్టాలి. ఎవరో ఎప్పుడో పెట్టిన 90కి మీ ఆఫీసు సంగతేం తెలుసు?

ఇదంతా చదివి "పాతకాలపు సాఫ్ట్‌వేర్ కాబట్టి ఈ బాధ" అనుకునేవాళ్లకు ఒక మాట. నోట్స్ మూలాలు 1973లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో కంప్యూటర్ మీద డేవిడ్ వూలీ రాసిన నోట్స్ అనే ప్రోగ్రాంలో ఉన్నాయి. అక్కడ చదువుకుంటూ దాన్ని చూసిన రే ఓజీ 1984లో ఐరిస్ అసోసియేట్స్ పెట్టి, లోటస్ డబ్బుతో పని మొదలుపెట్టాడు. మొదటి వెర్షన్ 1989 డిసెంబరులో వచ్చింది. ఆఫీసుల మధ్య మోడెమ్‌లే దారి, లైను ఎప్పుడు తెగుతుందో తెలియదు. కాబట్టి కనెక్షన్ లేకపోవడమే మామూలు, ఉండటం అరుదు అనుకుని కట్టారు. ఆ ఊహ ఎక్కడ ఉన్నా స్టబ్‌లు ఉంటాయి.

నోట్స్‌లో ఫార్ములా ఇంజిన్‌ను తిరగరాసిన డేమియన్ కాట్జ్, తర్వాత 2005లో కౌచ్‌డీబీ అనే డేటాబేస్ మొదలుపెట్టాడు. అందులోనూ డాక్యుమెంటు తీసేస్తే తీసేసిన గుర్తు మిగులుతుంది. దాన్ని టూంబ్‌స్టోన్ అంటారు, తనంతట తాను పోదు, ప్రత్యేకంగా పర్జ్ చేయాలి. కసాండ్రా అనే ఇంకో డేటాబేస్‌లో టూంబ్‌స్టోన్‌కు 8,64,000 సెకన్లు గడువు, అంటే 10 రోజులు. ఆ లోపు రిపేర్ (ప్రతులను సరిచూసే పని) నడపకుండా పడి ఉన్న నోడ్, అంటే సర్వర్, తిరిగొస్తే పోయిన డేటా లేచి వస్తుంది, వాళ్లు దానికి జాంబీ అనే పేరు కూడా పెట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల యూజర్ల పట్టీ అయిన యాక్టివ్ డైరెక్టరీలో మొదట ఈ గడువు 60 రోజులు, విండోస్ సర్వర్ 2003 మొదటి సర్వీస్ ప్యాక్ నుంచి కొత్తగా కట్టినవాటిలో 180. అంతకన్నా ఎక్కువ కాలం మాట్లాడుకోని దాని సర్వర్లు (డొమైన్ కంట్రోలర్లు) ఎదురుపడితే ఈవెంట్ లాగ్‌లో 2042 నంబరు ఎర్రర్ పడుతుంది, రెప్లికేషన్ అక్కడితో ఆగిపోతుంది. ఆగిపోవడం మంచిదే. డామినో ఆగదు, పలకరించి లోపలికి తీసుకుంటుంది. పీఐఆర్‌సీ పెట్టమని అంతగా చెబుతున్నది అందుకే.

క్లౌడ్‌కు పోయినవాళ్లకు ఇది అక్కర్లేదా? డాక్యుమెంట్లు లేచి రావడం అక్కడ తక్కువ. కానీ అంకెలు మాత్రం అక్కడా ఉన్నాయి, ఇటునుంచి కాక అటునుంచి కొడతాయి: కావాలనుకున్నది తిరిగి రాదు. ఎక్స్ఛేంజ్‌లో మెయిల్‌ను చెత్తబుట్టలోంచీ తీసేస్తే మామూలుగా 14 రోజులు తిరిగి తెచ్చుకోవచ్చు. షేర్‌పాయింట్ మీ సొంత సర్వర్‌లో ఉంటే రీసైకిల్ బిన్ 30 రోజులు, ఆన్‌లైన్‌లో 93. గూగుల్ డ్రైవ్‌లో ట్రాష్‌లోకి పోయిన ఫైలు 30 రోజులకు దానంతట అదే పోతుంది. అది 2020 అక్టోబరులో మారింది, అంతకుముందు ఎంతకాలమైనా ఉండేది. ఆ తర్వాత సంస్థల ఖాతాల్లో అడ్మిన్‌కు ఇంకో 25 రోజులు అవకాశం. డామినోలోనూ సాఫ్ట్ డిలీషన్ అని ఉంది, మామూలుగా 48 గంటలు. ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మారుతున్నప్పుడు "మా దగ్గర మూడు నెలలు దొరికేది" అనే అలవాటుతో జనం వస్తారు. కొత్తచోట 14 రోజులే అని పదిహేనో రోజున తెలుస్తుంది.

ఈ మారడాలు ఇప్పుడు బాగా ఎక్కువయ్యాయి కూడా. డామినో 9, 10 వెర్షన్లకు ఇప్పటి యజమాని హెచ్‌సీఎల్ 2024 జూన్‌లో సపోర్ట్ ఆపేసింది. 2025 జూన్‌లో 14.5 వచ్చింది.  అటు ఎక్స్ఛేంజ్ 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబరు 14న సపోర్ట్ అయిపోయింది. సొంత సర్వర్ కావాలంటే ఇక సబ్‌స్క్రిప్షన్ ఎడిషనే. షేర్‌పాయింట్ 2016, 2019లకు 2026 జులై 14 గడువు. ఇన్ని గడువులు ఒక్కసారిగా మీద పడితే ఏమవుతుంది? "ఆ పాత సర్వర్‌లో ఏముందో చూద్దాం" అని స్టోర్ రూంలోంచి పెట్టె తెచ్చి నెట్‌వర్క్‌లో పెడతారు. దాంట్లో రెప్లికేషన్ షెడ్యూలు ఇంకా బతికే ఉంటుంది. ఈ ఫోన్లు పెరగడానికి కారణం అదేనని నా అనుమానం. పాత డామినో సర్వర్‌ను లేపాల్సి వస్తే నెట్‌వర్క్ కేబుల్ పీకేసి లేపండి. ఆ షెడ్యూలు ఉండే కనెక్షన్ డాక్యుమెంట్లు ఆపేసి, ఆ తర్వాతే కేబుల్ పెట్టండి.

    

బ్యాకప్ గురించి చెప్పకుండా వదిలితే సగం చెప్పినట్టే. రాత్రి ఎవరో అడిగారని పాత ఎన్ఎస్ఎఫ్ (నోట్స్ డేటాబేస్) ఫైలును బ్యాకప్ నుంచి తెచ్చి, వేరే పేరుతో అదే సర్వర్‌లోనో పక్క సర్వర్‌లోనో పెడతారు. పేరు మార్చాం కదా అనుకుంటారు. డామినో పేరు చూడదు, రెప్లికా ఐడీ చూస్తుంది. ఐడీ అదే అయితే దానికది ఇంకో రెప్లికా, అంతే. పాత ఫైలులో పాత డాక్యుమెంట్లన్నీ ఉన్నాయి, స్టబ్‌లు పుట్టకముందు నాటివి. అది కొత్త సర్వర్‌కు వెళితే ఆ జతకు హిస్టరీ కూడా ఉండదు, మొదటినుంచీ సరిచూస్తుంది. మిగతా కథ మీకు తెలుసు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో రీస్టోర్ చేసేటప్పుడు కొత్త రెప్లికా ఐడీ ఇచ్చే అవకాశం సాధారణంగా ఉంటుంది, అది ఎంచుకోండి. లేకపోతే ఫైలును డేటా డైరెక్టరీలో పెట్టేముందే రెప్లికేషన్ ఆపిన లోకల్ క్లయింటులో తెరిచి, నోట్స్ మెనూలోని న్యూ కాపీతో కాపీ చేసుకోండి. న్యూ రెప్లికాతో కాదు, న్యూ కాపీతో. అప్పుడు ఐడీ కొత్తది వస్తుంది. కావాల్సిన నాలుగు డాక్యుమెంట్లను అందులోంచి కాపీ చేసి అసలు డేటాబేస్‌లో అతికించండి. అతికించినవాటికి యూనివర్సల్ ఐడీ కొత్తది వస్తుంది కాబట్టి, పాత డాక్యుమెంట్ లింకులు ఎక్కడైనా ఉంటే అవి తెగుతాయి. అడిగినవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పండి.